సూది ఎప్పుడు, స్టెంట్ ఎప్పుడు

గుండెపోటు వచ్చిన మనిషిని ఆసుపత్రిలో చేర్చిన కాసేపటికే ఇంటివాళ్ల చేతికి ఒక కాగితం వస్తుంది. వెంటనే యాంజియో చేయాలి, బ్లాకు కనిపిస్తే అక్కడికక్కడే స్టెంట్ వేయాలి, సంతకం పెట్టండి అంటారు. ఇంకో ఊళ్లో, ఇంకో ఆసుపత్రిలో అదే గుండెపోటుకు ఒక ఇంజెక్షన్ ఇచ్చి, రేపు పొద్దున యాంజియోకు పంపుతాం అంటారు. మరోచోట రెండు రోజులు మందులతో ఉంచి మూడో రోజున యాంజియో చేసే కాథ్ ల్యాబ్‌కు తీసుకెళ్తారు. ఎవరు అనవసరంగా తొందరపెడుతున్నారో, ఎవరు ప్రాణం మీదికి తెస్తున్నారో ఇంటివాళ్లకు అంతుపట్టదు. నిజానికి ఈ ముగ్గురు డాక్టర్లూ సరైన పనే చేస్తూ ఉండవచ్చు. ముగ్గురూ తప్పు చేస్తూ ఉండడానికీ అవకాశం ఉంది. అది తేలాలంటే వచ్చినది ఏ రకం పోటు, నొప్పి మొదలై ఎంతసేపయింది, కాథ్ ల్యాబ్ ఎంత దూరంలో ఉంది అనే మూడు సంగతులు తెలియాలి. గత 40 ఏళ్లలో ఈ మూడింటి మీద జరిగినంత పరిశోధన వైద్యంలో చాలా తక్కువ విషయాల మీద జరిగింది. దాని సారం మన జిల్లాల్లోని మామూలు కుటుంబాల దాకా చేరలేదన్నదే ఈ వ్యాసం రాయడానికి కారణం.

మొదటి తేడా ఈసీజీ కాగితం మీద తేలుతుంది. లేత గులాబీ గళ్ల మీద, గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఒక నిటారు ముల్లు పడుతుంది. దాని వెనక కొద్దిదూరం సమంగా సాగే గీత, ఆ తర్వాత చిన్న గుట్ట. ముల్లుకూ గుట్టకూ నడుమ ఉన్న ఆ సమమైన గీతే ఎస్‌టీ భాగం. గుండె కండకు రక్తం తెచ్చే ధమనుల్లో ఒకటి గడ్డకట్టిన రక్తంతో పూర్తిగా మూసుకుపోతే, ఆ కండకు ఎదురుగా ఉన్న లీడ్లలో, అంటే ఈసీజీ గుండెను చూసే కోణాల్లో, ఈ గీత పైకి లేస్తుంది. పక్కపక్క లీడ్లలో ఒకటి రెండు చిన్న గళ్లు లేచినా చాలు, చూసే కన్నుంటే విషయం అర్థమవుతుంది. దీన్ని డాక్టర్లు స్టెమీ అంటారు. ధమనిలో సన్నటి దారి మిగిలి ఉన్నప్పుడు సాధారణంగా గీత లేవదు. కిందికి దిగవచ్చు, ఒక్కోసారి ఏ మార్పూ లేకుండా ఉండవచ్చు. రక్తంలో ట్రోపోనిన్ అనే గుండె కండ ప్రోటీన్ పెరగడాన్ని బట్టి పోటు వచ్చిందని తేలుతుంది. ఇది ఎన్‌స్టెమీ. మొదటిదానికి నిమిషాల లెక్క, రెండోదానికి చాలామటుకు గంటలు, రోజుల లెక్క.

ఇప్పుడు వైద్య విద్యార్థులందరికీ తెలిసిన ఈ సంగతి 1980 దాకా గట్టిగా తేలలేదు. గడ్డ వల్ల పోటు వస్తుందా, పోటు వచ్చాక గడ్డ కడుతుందా అని పేరున్న పాథాలజిస్టులే వాదించుకునేవారు. పోటు వచ్చిన గంటల్లో యాంజియోగ్రామ్ చేయడమంటే ప్రాణాలతో ఆటలాడడమే అన్న భయం ఉండేది. అమెరికాలోని స్పొకేన్ అనే ఊళ్లో మార్కస్ డివుడ్, ఆయన సహచరులు 322 మందికి మొదటి 24 గంటల్లోనే యాంజియోగ్రామ్ చేసి చూశారు. నొప్పి మొదలైన నాలుగు గంటల్లోపు చూసినవారిలో 87 శాతం మందికి ధమని పూర్తిగా మూసుకుపోయి ఉంది. 12 గంటలు దాటాక చూసినవారిలో అది 65 శాతమే. అంటే గడ్డే ముందు, ఆపైన కొందరిలో అది దానంతటదే కరుగుతోంది. మరి దాన్ని మనమే ముందుగా కరిగిస్తే?

ఎంత ముందుగా అన్నదానికి జవాబు అప్పటికే జంతువుల మీద ప్రయోగాల్లో దొరికింది. 1977లో రీమర్, జెన్నింగ్స్ కుక్కల గుండె ధమనిని రకరకాల వ్యవధుల పాటు బిగించి, వదిలి, చచ్చిన కండను కొలిచారు. 40 నిమిషాలకే ప్రమాదంలో పడిన కండలో మూడో వంతుకు పైగా చచ్చిపోయింది. ఆరు గంటలకు అది దాదాపు 70 శాతం. కండ అంతా ఒక్కసారే చావదు. గోడకు చెమ్మ ఎక్కినట్టు, లోపలి పొర నుంచి బయటి పొర వైపు నష్టం పాకుతుంది. మొదటి గంటల్లో వేగంగా, ఆ తర్వాత నెమ్మదిగా. మనిషి గుండెలో ఈ వేగం మనిషి మనిషికీ మారుతుంది. పక్క ధమనుల నుంచి చిన్న దారులు ఏర్పడి ఉన్నవారికి కొంత గడువు దొరుకుతుంది. అయినా సమయానికీ నష్టానికీ మధ్య గీత గీస్తే దాని వంపు అదే. అందుకే మొదటి రెండు మూడు గంటల్లో పోయే అరగంటకూ, పదో గంట తర్వాత పోయే అరగంటకూ పోలికే లేదు. సమయం గురించిన చర్చలన్నిటికీ మూలం ఈ వంపు తిరిగిన గీతే అని నా నమ్మకం. దాన్ని మరిచిన ప్రతిసారీ వాదన పక్కదారి పట్టింది.

1986లో ఇటలీ వైద్యులు జిస్సీ అనే అధ్యయనాన్ని ప్రచురించారు. 11,000కు పైగా రోగులు, దేశమంతా ఉన్న గుండె వార్డులు, గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్ అనే పాత, చవకైన ఇంజెక్షన్ మందు. 21 రోజుల్లో మరణాలు 13 శాతం నుంచి 10.7 శాతానికి తగ్గాయి. సగటు చూస్తే ఇది చిన్న లాభమే అనిపిస్తుంది. నొప్పి మొదలైన గంటలోపు మందు అందినవారిని విడిగా చూస్తే మరణాలు దాదాపు సగం తగ్గాయి. రెండేళ్ల తర్వాత 17,187 మందితో వచ్చిన ఐసిస్-2 అధ్యయనం మరో సంగతి తేల్చింది. మామూలు ఆస్పిరిన్ ఒక్కటే మరణాలను దాదాపు నాలుగో వంతు తగ్గించింది. స్ట్రెప్టోకైనేజ్ కూడా అంతే. రెండూ కలిపి ఇస్తే ఐదు వారాల్లో మరణాలు 13.2 శాతం నుంచి 8 శాతానికి దిగాయి. పోటు అని అనుమానం రాగానే ఆస్పిరిన్ నమిలించే అలవాటు ప్రపంచమంతా పాకింది ఇక్కడినుంచే.

ఇదే కాలంలో ఇంకో దారి తెరుచుకుంది. 1977 సెప్టెంబరు 16న జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుయెంట్‌జిగ్ మెలకువగా ఉన్న మనిషి గుండె ధమనిలోకి బెలూన్ పంపి మొదటిసారి విప్పారు. అది నిలకడగా ఉన్న రోగి విషయం. పోటు నడుస్తుండగానే బెలూన్ వాడడం 1980లలో అక్కడక్కడా మొదలై, 1993లో వచ్చిన అమెరికా, నెదర్లాండ్స్ అధ్యయనాలతో స్థిరపడింది. 2003లో కీలీ బృందం 23 అధ్యయనాల్లోని 7,739 మంది లెక్కలను కలిపి చూసింది. మొదటి వారాల్లో మరణాలు ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 9 శాతం, బెలూన్ చేసినవారిలో 7 శాతం. మళ్లీ పోటు రావడం, పక్షవాతం కూడా తగ్గాయి. ఇంజెక్షన్‌కు ధమని ప్రతిసారీ తెరుచుకోదు, తెరుచుకున్నది మళ్లీ మూసుకోవచ్చు, వెయ్యిమందిలో కొందరికి మెదడులో రక్తస్రావం అవుతుంది. బెలూన్‌తో చేయి తిరిగిన డాక్టరు పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ధమనిని బాగా తెరవగలరు. ఇందులో సందేహం లేదు. కాథ్ ల్యాబ్ పక్కనే ఉంటే, అది రాత్రీపగలూ నడుస్తుంటే, బెలూన్, స్టెంటే మేలు.

చిక్కంతా ఆ షరతులో ఉంది. డెన్మార్క్‌లో జరిగిన డనామి-2 అధ్యయనం చిన్న ఆసుపత్రుల నుంచి రోగులను అంబులెన్సులో పెద్ద కేంద్రాలకు తరలించి బెలూన్ చేయించినా ఇంజెక్షన్ కంటే మేలేనని చెప్పింది. దాన్ని పట్టుకుని చాలా దేశాల్లో ఇంజెక్షన్‌కు కాలం చెల్లిందనుకున్నారు. కానీ అక్కడ దాదాపు అందరినీ రెండు గంటల్లోపే చేర్చారు. పైగా లాభంలో ఎక్కువ భాగం రెండోసారి పోటు తగ్గడం వల్ల వచ్చింది. పాడేరు నుంచి ఘాట్ రోడ్డు మీదుగా విశాఖపట్నం చేరాల్సిన మనిషికి డెన్మార్క్ లెక్క సరిపోదు.

ఆసుపత్రి గుమ్మం దాటినప్పటి నుంచి బెలూన్ విప్పేదాకా పట్టే సమయం 90 నిమిషాలు మించకూడదన్న లక్ష్యంతో 2000ల నడిమి నుంచి అమెరికా ఆసుపత్రులు గట్టిగా శ్రమించాయి. శ్రమ ఫలించింది. 2005 నుంచి 2009 వరకు 96,000 మందికి పైగా రోగుల రికార్డులు చూస్తే ఆ సమయం 83 నిమిషాల నుంచి 67కు తగ్గింది. ఆసుపత్రిలో మరణాలు మాత్రం కదలలేదు. 2013లో ఈ లెక్క బయటికి రాగానే, సమయానికి అంత విలువ లేదేమోనని కొందరు అన్నారు. నాకు అది తొందరపాటుగా కనిపిస్తుంది. తర్వాత ఒక్కొక్క రోగి స్థాయిలో లెక్కకట్టినప్పుడు త్వరగా ధమని తెరిచినవారే ఎక్కువ బతికారని తేలింది. ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా జబ్బుతీవ్రత ఎక్కువున్నవారిని కూడా బల్లమీదికి తీసుకోవడం వల్ల సగటు కదలలేదు. ఇంకో పెద్ద కారణమూ ఉంది. గుమ్మం లోపల 16 నిమిషాలు ఆదా చేసినా, నొప్పి మొదలైన క్షణం నుంచి గుమ్మం చేరేదాకా పోయిన గంటలు అలాగే ఉన్నాయి. కండకు ఆసుపత్రి గుమ్మంతో పనిలేదు. ధమని మూసుకున్నప్పటి నుంచి తెరుచుకునేదాకా ఎంతసేపన్నదే దానికి లెక్క.

అక్కడినుంచే చర్చ మళ్లీ ఇంజెక్షన్ వైపు తిరిగింది. ఇది పాత స్ట్రెప్టోకైనేజ్ కాదు. అది 15 లక్షల యూనిట్లు సెలైన్‌లో కలిపి అరగంట నుంచి గంటదాకా ఎక్కించాలి. ఎక్కుతుంటే బీపీ పడిపోవచ్చు. ఒకసారి ఇచ్చాక ఒంట్లో దానికి వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు తయారవుతాయి కనుక మళ్లీ ఇవ్వలేరు. ఇప్పుడు వాడుతున్న టెనెక్టిప్లేజ్ చిన్న సీసాలో తెల్లటి పొడి. దానితో వచ్చే నీళ్లు కలిపి, కుదపకుండా నెమ్మదిగా తిప్పి కరిగిస్తారు. మోతాదు ఒంటి బరువును బట్టి ఉంటుంది. 60 కిలోల లోపువారికి 30 మిల్లీగ్రాములు, అక్కడినుంచి పది కిలోలకు ఐదేసి చొప్పున పెంచి 90 కిలోలు, ఆపైవారికి 50. నరంలోకి పదిసెకన్లలోపు ఒకే దఫా నెట్టేయవచ్చు. ఒక్క జాగ్రత్త ముఖ్యం. గ్లూకోజ్ ఎక్కుతున్న లైనులో వేస్తే మందు గడ్డకట్టి అవక్షేపంగా మారవచ్చు కనుక ముందూ వెనకా సెలైన్‌తో కడగాలి. పంపు అక్కర్లేదు, కాథ్ ల్యాబ్ అక్కర్లేదు. ఈసీజీ చదవగలిగిన మనిషి, బీపీ చూసే నర్సు, గుండె లయ తప్పితే షాక్ ఇచ్చే యంత్రం ఉంటే ఏరియా ఆసుపత్రిలో ఇవ్వవచ్చు, శిక్షణ ఉంటే అంబులెన్సులోనూ ఇవ్వవచ్చు. గతంలో మెదడులో రక్తస్రావం అయినవారికి, ఈ మధ్యే పక్షవాతమో పెద్ద ఆపరేషనో తలకు దెబ్బో అయినవారికి, ఎక్కడైనా రక్తం కారుతున్నవారికి, బృహద్ధమని గోడ చీలిందన్న అనుమానం ఉన్నవారికి ఇవ్వకూడదు. ఈ ప్రశ్నలు అడగడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు తప్పనిసరి.

2013లో వచ్చిన స్ట్రీమ్ అధ్యయనం ఈ పద్ధతికి గట్టి ఆధారం. నొప్పి మొదలై మూడు గంటలు దాటని, గంటలోపు కాథ్ ల్యాబ్ చేరలేని 1,892 మందిని రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు టెనెక్టిప్లేజ్ ఇచ్చి, 6 నుంచి 24 గంటల మధ్య యాంజియో చేశారు. రెండో జట్టును నేరుగా బెలూన్‌కు పంపారు. మొదటి జట్టుకు నొప్పి మొదలైన 100 నిమిషాలకు మందు పడింది, రెండో జట్టుకు చికిత్స 178 నిమిషాలకు మొదలైంది. నెల తిరిగేసరికి మరణం, బీపీ నిలవని షాక్, గుండె వైఫల్యం, మళ్లీ పోటు అన్నీ కలిపి చూస్తే మొదటివారిలో 12.4 శాతం, రెండోవారిలో 14.3 శాతం. గణాంకాల భాషలో ఇద్దరూ సమానమే. కానీ మెదడులో రక్తస్రావం 1 శాతం, 0.2 శాతంగా తేలింది. మధ్యలో 75 ఏళ్లు దాటినవారికి మోతాదు సగం చేశాక ఈ అంతరం తగ్గింది. ఇంకొకటీ గుర్తుంచుకోవాలి. ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 36 శాతం మందికి ధమని సరిగా తెరుచుకోక అప్పటికప్పుడే కాథ్ ల్యాబ్ కావాల్సివచ్చింది.

అందుకే ఇంజెక్షన్ ఇచ్చి అక్కడే మంచం మీద పడుకోబెట్టి చూస్తూ కూర్చోవడం సగం వైద్యమే. మందు పడగానే పెద్దాసుపత్రికి బయల్దేరాలి. 60 నుంచి 90 నిమిషాల్లో మళ్లీ ఈసీజీ తీయాలి. లేచిన ఎస్‌టీ గీత సగానికన్నా ఎక్కువ దిగి, నొప్పి తగ్గితే ధమని తెరుచుకున్నట్టు. దిగకపోతే ఒక్క నిమిషం ఆగకుండా బెలూన్ చేయాలి. తెరుచుకున్నవారికి 2 నుంచి 24 గంటల మధ్య యాంజియో. ఇలా వెంటనే తరలించినవారిలో నెల రోజుల్లో చెడు జరగడం 17.2 శాతం నుంచి 11 శాతానికి తగ్గిందని 2009లో కెనడా అధ్యయనం ఒకటి చూపింది. మరీ తొందరా పనికిరాదు. పూర్తి మోతాదు మందు ఇచ్చి ఆ వెంటనే, అందరికీ, అవసరం ఉన్నా లేకున్నా బెలూన్ చేయడాన్ని 2006లో పరీక్షించారు. మరణాలు ఎక్కువ కావడంతో అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. మందు వేడి ఇంకా రక్తంలో ఉండగా ధమనిలో తీగ తిప్పితే ఒకపక్క రక్తస్రావం, ఇంకోపక్క పుండుపడ్డ చోట కొత్త గడ్డ. రెండు గంటల విరామం అందుకే.

యూరప్ గుండె వైద్యుల సంఘం 2023 మార్గదర్శకాలు ఈ అనుభవాన్నంతా ఒక లెక్కలోకి తెచ్చాయి. ఈసీజీలో స్టెమీ అని తేలిన నిమిషం నుంచి 120 నిమిషాల్లో ధమనిలోకి తీగ వెళ్లగలదనుకుంటే నేరుగా కాథ్ ల్యాబ్. కాదనుకుంటే పది నిమిషాల్లో ఇంజెక్షన్. ఈ అంచనా నిజాయితీగా వేయాలి. అంబులెన్సు రావడానికి పట్టే సమయం, ట్రాఫిక్, పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో మళ్లీ మొదటినుంచి చేసే పరీక్షలు, డబ్బు కట్టే కౌంటరు, ఇంటి నుంచి కాథ్ ల్యాబ్ సిబ్బంది రావడం అన్నీ అందులో ఉంటాయి.

మన దగ్గర ఈ అంచనా ఎలా ఉంటుందో 2008లో వచ్చిన క్రియేట్ అనే రోగుల రికార్డుల అధ్యయనం చెబుతుంది. దేశంలోని 50 నగరాల్లో 89 ఆసుపత్రులు, 20,937 మంది రోగులు. అందులో 60 శాతానికి పైగా స్టెమీలే. నొప్పి మొదలై ఆసుపత్రి చేరడానికి పట్టిన మధ్యస్థ సమయం 360 నిమిషాలు. చేరాక ఇంజెక్షన్ పడడానికి 50 నిమిషాలు. అంబులెన్సులో వచ్చినవారు నూటికి ఆరుగురు కూడా లేరు. ఈ లెక్క పాతదే. ఆ తర్వాత 108 పల్లెల దాకా పాకింది, ఆరోగ్యశ్రీ కింద స్టెంట్లు వేస్తున్నారు, 2017లో కేంద్రం స్టెంట్ల ధరకు కళ్లెం వేసింది. కాథ్ ల్యాబ్‌లు జిల్లా కేంద్రాలకు వచ్చాయి. అయినా ఆ ఆరుగంటలు ఎక్కడ పోతున్నాయో మన ఊళ్లలో అందరికీ తెలుసు. ముందు గ్యాస్ నొప్పి అనుకుని సోడా తాగుతారు. తగ్గకపోతే ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తారు, ఆయన ఒక గ్యాస్ ఇంజెక్షన్ వేస్తారు. తెల్లవారనిద్దామంటారు. షుగర్ ఉన్నవారికి, ఆడవాళ్లకు నొప్పే సరిగా తెలియకపోవచ్చు. ఆయాసం, చెమట, వాంతి, నీరసంతో సరిపెట్టుకుంటారు. చివరికి మండలంలోని ఆసుపత్రికి వస్తే ఈసీజీ తీసి, ఆస్పిరిన్ వేసి, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండని చీటీ రాస్తారు.

ఆ చీటీ దగ్గరే మనం ఎక్కువ కండను పోగొట్టుకుంటున్నామని నా అభిప్రాయం. నూరు కిలోమీటర్ల దూరానికి ఉత్త చేతులతో పంపడం కంటే, అక్కడే ఇంజెక్షన్ ఇచ్చి పంపడం చాలామందికి మేలు. ఇది తక్కువ రకం వైద్యం కాదు, పేదవాడికి సర్దుబాటూ కాదు. ఆ దూరంలో, ఆ నిమిషానికి అదే అన్నిటికన్నా మంచి వైద్యం. చిన్న ఆసుపత్రి డాక్టరు భయపడడానికి కారణం ఉంది. ఈసీజీ సరిగా చదివానా, రక్తస్రావం అయితే ఎవరు అండ అని. ఆ భయాన్ని తీసేయవచ్చని తమిళనాడు చూపింది. అక్కడ చిన్న ఆసుపత్రులను ఒక పెద్ద కేంద్రానికి ముడివేశారు. ఈసీజీ ఫోన్ ద్వారా కేంద్రానికి వెళ్తుంది, అక్కడి గుండె డాక్టరు చూసి చెప్తారు, మందు అక్కడే పడుతుంది, అంబులెన్సు కదులుతుంది. 2017లో ప్రచురించిన ఫలితాల ప్రకారం 2,420 మంది రోగుల్లో ఏడాది లోపు మరణాలు 17.6 శాతం నుంచి 14.2 శాతానికి తగ్గాయి. కొత్త మందు కనిపెట్టలేదు, ఉన్నదాన్నే ముందుకు జరిపారు. 2023లో ఆంధ్రప్రదేశ్ కూడా ప్రభుత్వ ఆసుపత్రుల్లో టెనెక్టిప్లేజ్ ఉచితంగా ఇచ్చి, పెద్దాసుపత్రుల గుండె డాక్టర్ల చేత ఈసీజీ చదివించే ఏర్పాటు మొదలుపెట్టింది. ఇలాంటి పథకాలను ఎన్ని సీసాలు పంచారన్న లెక్కతో కొలవకూడదు. నొప్పి మొదలైన ఎన్నో నిమిషానికి మందు పడిందన్న లెక్కను నెలనెలా బయటపెట్టాలి.

ఇప్పుడు రెండో రకం, ఎన్‌స్టెమీ సంగతి. ఇందులో గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వరు, ఇస్తే నష్టమే. రక్తం పలచబడే మందులు ఇచ్చి యాంజియో చేస్తారు. ఎప్పుడు చేయాలన్నదే ప్రశ్న. ముందు చేస్తే మేలన్న ఆలోచన సహజమే. అందుకే చాలా అధ్యయనాలు జరిగాయి. 2009లో టైమాక్స్ 3,031 మందిలో సగంమందికి సుమారు 14 గంటలకు, మిగతావారికి 50 గంటలకు యాంజియో చేసింది. ఆరు నెలల్లో మరణం, పోటు, పక్షవాతం కలిపి 9.6 శాతం, 11.3 శాతం. తేడా కాకతాళీయం కావచ్చు. కానీ వయసు, బీపీ, కిడ్నీ పనితీరు వంటివి కలిపి వేసే గ్రేస్ స్కోరు 140 దాటినవారిని విడిగా చూస్తే 13.9 శాతం, 21 శాతం. అంటే ప్రమాదం ఎక్కువున్నవారికి తొందర పనికొచ్చింది. 2018లో కోపెన్‌హాగన్‌లో జరిగిన వెర్డిక్ట్ మరీ ముందుకెళ్లి ఐదు గంటలలోపు చేసింది, మిగతావారికి రెండున్నర రోజులకు. మొత్తం మీద తేడా లేదు, ఎక్కువ ప్రమాదం ఉన్నవారిలో మళ్లీ కాస్త లాభం కనిపించింది. అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు తొందరగా చేయడం వల్ల మరణాలు తగ్గినట్టు తేలలేదు. ఆసుపత్రిలో ఉండే రోజులు, మధ్యలో మళ్లీ నొప్పి రావడం తగ్గాయి. అందుకే, ప్రమాదం ఎక్కువున్నవారికి 24 గంటల్లోపు యాంజియో చేయాలన్న నిబంధనను యూరప్ 2023లో కాస్త సడలించింది.

కనుక ఎన్‌స్టెమీ అని తేలి, నొప్పి తగ్గి, బీపీ నిలకడగా ఉన్న మనిషి ఇంటివాళ్లకు అర్ధరాత్రి అప్పు కోసం పరుగెత్తాల్సిన పనిలేదు. పొద్దున దాకా, అవసరమైతే మర్నాటి దాకా సమయం ఉంటుంది. పథకం అనుమతి వచ్చేదాకా ఆగవచ్చు. ఇంకో డాక్టరును అడగవచ్చు. ఇందులో మినహాయింపులు ఉన్నాయి, అవి ప్రాణం మీదివి. మందులిచ్చినా నొప్పి ఆగకపోయినా, బీపీ పడిపోతున్నా, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం ముంచుకొచ్చినా, గుండె లయ ప్రమాదకరంగా తప్పినా రెండు గంటల్లోపే చేయాలి. ఇంకొక చిక్కు ఉంది. ఎన్‌స్టెమీ అని రాసిన పదిమందిలో ఇద్దరు ముగ్గురికి యాంజియోలో ధమని పూర్తిగా మూసుకుపోయి కనిపిస్తుంది. గుండె వెనక గోడకు వచ్చే పోటు మామూలు 12 లీడ్లకు సరిగా చిక్కదు. ముందు లీడ్లలో గీత దిగి కనిపిస్తే వీపు వైపు లీడ్లు పెట్టి చూడాలి. ఒక్క ఈసీజీతో వదిలేయకుండా నొప్పి ఉన్నంతసేపూ మళ్లీ మళ్లీ తీయాలి. ఇది ఖర్చులేని పని.

ఆలస్యంగా వచ్చినవారి సంగతి వేరు, ఇక్కడ ఆశ కంటే ఆధారం ముఖ్యం. 12 గంటలు దాటి 48 గంటల్లోపు వచ్చినవారికి కొంత కండ మిగిలి ఉండవచ్చు, బెలూన్‌ను ఆలోచించవచ్చు. రోజులు గడిచి, నొప్పి లేకుండా, ధమని మాత్రం పూర్తిగా మూసుకుపోయి ఉన్నవారి సంగతేమిటి? తెరిచి ఉన్న ధమని మంచిదే కదా అని ఏళ్లతరబడి తెరిచారు. 2006లో జుడిత్ హాక్‌మన్ నడిపిన ఓట్ అధ్యయనం 2,166 మందిలో, పోటు వచ్చిన 3 నుంచి 28 రోజుల మధ్య ఇలా తెరవడాన్ని మందులతో పోల్చింది. నాలుగేళ్లలో మరణం, మళ్లీ పోటు, తీవ్ర గుండె వైఫల్యం కలిపి తెరిచినవారిలో 17.2 శాతం, తెరవనివారిలో 15.6 శాతం. లాభమేమీ లేదు. చచ్చిన కండకు రక్తం పంపి ప్రయోజనం లేదని ఇంత స్పష్టంగా తేలినా, వారం కింద పోటు వచ్చి నడుచుకుంటూ వచ్చిన మనిషికి నూరు శాతం బ్లాకు ఉందని భయపెట్టి స్టెంట్ వేయడం ఇంకా ఉంది. ఆ ధమనికి ఆ రోజే అనే గడువు లేదు. ఛాతీనొప్పి మళ్లీ వస్తున్నా, మిగిలిన కండ బతికి ఉందని పరీక్షల్లో తేలినా అప్పుడు నిదానంగా ఆలోచించాల్సిన విషయం.

కారకమైన ధమనిని తెరిచాక, పక్కవాటిలోనూ బ్లాకులు కనిపిస్తే ఏం చేయాలి? సగంమందికి దగ్గరగా ఇలాగే ఉంటుంది. బల్లమీద ఉండగానే డాక్టరు బయటికొచ్చి ఇంకో రెండున్నాయి, వాటికీ వేయమంటారా అని అడుగుతారు. 2019లో కంప్లీట్ అధ్యయనం 4,041 మందిలో, మిగతా పెద్ద బ్లాకులకూ స్టెంట్లు వేస్తే మూడేళ్లలో గుండె మరణం లేదా మళ్లీ పోటు 10.5 శాతం నుంచి 7.8కి తగ్గుతుందని చూపింది. అంటే వేయడం మంచిదే. కానీ అదే అధ్యయనం ఆసుపత్రిలో ఉండగా వేసినా, ఇంటికి వెళ్లి 45 రోజుల్లోపు తిరిగొచ్చి వేయించుకున్నా లాభం ఒకటేనంది. తర్వాత 2023లో 840 మందితో జరిగిన అధ్యయనం మొదటిరోజే అన్నీ చేసినా నష్టం లేదంది. నిలకడగా ఉన్నవారికి ఎప్పుడన్నది చర్చించి తేల్చుకోవచ్చు. షాక్‌లో ఉన్నవారికి మాత్రం మొదటిరోజు కారకమైన ధమనికే పరిమితం కావాలని 2017లో తేలింది. అన్నీ ఒకేసారి చేసినవారిలో మరణం, డయాలసిస్ ఎక్కువయ్యాయి. షాక్ విషయంలో గంటల గడువు కూడా సడలుతుంది. బీపీ నిలవని మనిషికి పోటు మొదలై 12 గంటలు దాటినా ధమని తెరవడమే మార్గం. 1999 నాటి షాక్ అధ్యయనంలో 302 మందిలో నెలకు తేడా తేలకపోయినా, ఆరు నెలలకు మరణాలు 63 శాతం నుంచి 50కి తగ్గాయి.

ఎన్నేళ్లవారికి చేయాలన్నది మిగిలింది. స్టెమీకి వయసు అడ్డుకాదు. ఎన్‌స్టెమీకి మాత్రం 2024లో వచ్చిన బ్రిటన్ అధ్యయనం, 75 దాటిన 1,518 మందిలో యాంజియోతో మొదలుపెట్టడాన్ని మందులతో సరిపెట్టడంతో పోల్చింది. వారి సగటు వయసు 82. నాలుగేళ్లు గమనించాక గుండె మరణం, పోటు కలిపి చూస్తే తేడా లేదు. మళ్లీ పోటు రావడం మాత్రం 15 శాతం నుంచి 11.7కు తగ్గింది. ఆ వయసులో ఎక్కువకాలం బతకడం కోసం కాదు, ఇంకో పోటు, ఇంకో ఆసుపత్రి చేరిక తప్పించుకోవడం కోసం చేయించుకునే పని ఇది. కిడ్నీలు ఎలా ఉన్నాయి, రక్తం పలచబడే మందులు తట్టుకోగలరా, ఇంట్లో తన పని తాను చేసుకుంటున్నారా అన్నవి అందులోకి వస్తాయి. నొప్పి తగ్గి ఉంటే ఒకటి రెండు రోజులు చేతిలో ఉంటాయి కనుక, పిల్లలు తమలో తాము తేల్చేసేలోపు పెద్దాయననో పెద్దామెనో కూర్చోబెట్టి అడగడానికి వీలుంది.